నేను నడిచిన గెట్టు

ఆ రోజుల్లో జనగామలో ఖాళీ గోడ దొరకడం గగనంగా ఉండేది. అరవైతొమ్మిది తెలంగాణ ఉద్యమం అందుకుని బడులు మూతపడ్డాక, మా ఈడు పోరగాళ్ళందరికీ చేతినిండా పని దొరికింది. డబ్బాలో ఎర్రమన్ను జాజు కలుపుకోవడం, ఈత మట్ట కొస దంచి కుంచె చేసుకోవడం, కనబడ్డ గోడనల్లా ఎర్రగా నింపడం. ఇల్లుగలవాళ్ళు పొద్దున సున్నం వేసేవాళ్ళు, మేం సాయంత్రానికి మళ్ళీ రాసేవాళ్ళం. ఊళ్ళో మాకు గోడలు శత్రువుల్లా కనబడేవి కావు, పలకల్లా కనబడేవి. గోడ అన్నది ఒకణ్ణి లోపల పెట్టి ఇంకొకణ్ణి బయట నిలబెట్టడానికి కడతారన్న ఆలోచన నాకప్పుడు రాలేదు. పద్దెనిమిదేళ్ళవాడికి అలాంటి ఆలోచనలు రావు, వచ్చినా జాజు ఆరిపోతుందన్న తొందరలో నిలవవు.

నేను జైలుకెళ్ళిన వీరుణ్ణని చాలాకాలం చెప్పుకున్నాను గనక ఆ ముచ్చట కూడా చెప్పేస్తాను. స్టేషను దగ్గరి ఒక గోదాము గోడ మీద 'మన నేల మీద మనకే హక్కు' అని రాయడం నా వంతుకొచ్చింది. దూరం నుంచి కనబడాలని మొదటి అక్షరాలు నిలువెత్తున వేశాను. 'మనకే' దగ్గరికొచ్చేసరికి గోడ అయిపోయింది. 'హక్కు' రాయడానికి పక్కనున్న మూత్రశాల గోడ తప్ప ఇంకో దిక్కులేదు. ఇంతలో పోలీసులొచ్చారు. తోటివాళ్ళంతా పరుగో పరుగు. నేను మాత్రం హక్కు సగంలో వదలలేక (అది పట్టుదల అనుకునేరు, ఒట్టి మొద్దుతనం) అక్కడే దొరికిపోయాను. ఠాణా వరండాలో పొద్దు వాలేదాకా కూర్చోబెట్టారు. మా వైపువాడే అయిన ఒక జవాను చాయ్ తాగించి, "అచ్చరాలు జర చిన్నగ రాస్తె గప్పటికే అయిపోయి వురుకుతుంటివి గద బిడ్డా," అని సలహా ఇచ్చాడు. ఎస్సై చెంప మీద ఒకటి ఇచ్చి పంపించాడు. నా జైలు జీవితం మొత్తం అంతే.

కానీ నర్సింహులపేట దగ్గరి మా ఊరికి చేరేసరికి ఆ పూట కాస్తా నెల రోజులైంది. చావడి ముందు నన్ను నిలబెట్టి మాట్లాడమన్నారు. నాకు ఉన్నదే ఒక ఉపన్యాసం, జనగామలో పదిమంది దగ్గర విన్నది. "ఎవని జాగ వానిది! వేరేటోని హద్దు దాటి వచ్చి కూసున్నోడు ఎంతటోడైన లేశి పోవాలె!" అని గొంతు చించుకున్నాను. జనం చప్పట్లు కొట్టారు. ముందువరసలో మంచం మీద కూర్చున్న మా బాపు, ఊరి పటేలు, అందరికన్నా గట్టిగా కొట్టాడు. వెనక, దూరంగా నేలమీద కూర్చున్న తండావాళ్ళలో ఎర్ర రుమాలు చుట్టుకున్న ముసలాయన ఒకడు చప్పట్లు కొట్టకుండా, తలొకవైపు వంచి, ప్రతి మాటా శ్రద్ధగా విన్నాడు. ఊరంతా ఆయన్ని రుమాలు తాత అనేది. ఆయన భూమికీ మా భూమికీ మధ్య ఒకటే గెట్టు. ఆ హద్దు గెట్టు నెల కిందటే పక్కకు జరిగిందన్న సంగతి నాకు చెప్పినవాళ్ళెవరూ లేరు.

సంగతి ఇదీ. మా చేనుకూ తాత మెట్ట చెలకకూ నడుమ, ఇటు చివర ఎవరూ కదపలేని పెద్ద బండ, అటు చివర వాగొడ్డున తాడిచెట్టు. ఈ రెండింటి మీద తగాదా లేదు. మధ్యలో తాత తండ్రి తవ్వుకున్న బావి ఉంది. పాత గెట్టు బావికి ఇవతల నుంచి, అంటే మా వైపు నుంచి పోయేది. బావి తాతది. చిన్నప్పుడు నేను దాంట్లో ఈత కొట్టాలంటే ఆయన్ని అడిగి దిగేవాణ్ణి. "లంబాడోళ్ళ బాయిల మునిగినవో, కాళ్ళు ఇరగ్గొడ్త," అని నన్ను తరిమింది కూడా మా బాపే. అంటే ఆ బావి ఎవరిదో ఆయనకు బాగా తెలుసు. అయితే ఆ ఏడు మా ఊరికి కరెంటు స్తంభాలు వచ్చాయి. మోటరు పెడితే బావి బంగారమవుతుందని బాపుకు అర్థమైంది. నడిమి హద్దురాయి పీకించి బావికి అవతల పాతించాడు. ఆ రాయి వెంబడి రాతిగోడ కడతానన్నాడు. తాత పంచాయితీ పెట్టాడు. కాగితాలు చూద్దామంటే అవి పట్వారి దగ్గరున్నాయి, పట్వారి మా ఇంట్లో భోంచేస్తున్నాడు.

కాగితం కుదరనప్పుడు మా దిక్కున ఒక ఆచారం ఉండేది. మన్ను మోసుడు అనేవారు. తగువు పడ్డ భూమిలోంచి మట్టి తీసి, తడిపి ముద్ద చేసి ఒక మనిషి నెత్తిన పెడతారు. వాడు తలస్నానం చేసి, తడిబట్టల మీద, చేతులు జోడించి, మాట్లాడకుండా ఈ చివర నుంచి ఆ చివరకు నడవాలి. ముద్దను చేత్తో ముట్టకూడదు. వాడి పాదాలు ఎటు పోతే అదే గెట్టు. వెనకాలే సున్నం పోసుకుంటూ వస్తారు. తప్పు నడిచినవాడి వంశం నిలవదని నమ్మకం. ఒకసారి మన్ను మోశాక పంచాయితీ లేదు, కోర్టు లేదు, మాట లేదు. మనిషిని ఎంచుకునే హక్కు మాత్రం ఫిర్యాదు చేసినవాడిది.

పెద్దమనుషులు తాతను అడిగారు, ఎవరు మోయాలని. తండాలో ఎవరినో చెబుతాడనుకున్నారంతా. తాత లేచి నిలబడి వేలు నా వైపు చూపించాడు. "చిన్న పటేలు మోస్తడు," అన్నాడు. మా బాపు ముఖం చూడాలి మీరు! పెద్దమనిషి ఒకాయన, "ఆలోచన జెయ్యి నాయకా, గాయన పటేలు కొడుకే గద," అన్నాడు. తాత తలూపాడు. "ఎరుకే. గని ఎవని జాగ వానిదని జెప్పి జేలుకు వొయ్యి వచ్చిండు. గంత మాట జెప్పినోడు తప్పు నడువడు. ఆయన నెత్తిన వెట్టుండ్రి మన్ను." నాకు ఒళ్ళు పులకరించింది. సిగ్గు వదిలి చెబుతున్నాను, ఆ క్షణంలో తాత బావి నాకు గుర్తుకు రాలేదు. నా ఉపన్యాసం ఎంత బాగా పండిందో అన్నదే గుర్తుకొచ్చింది.

మర్నాడు పొద్దున్నే బాపు పెరట్లో వేపపుల్ల నములుతూ పిలిచాడు. "ఏందిరా, ఎటు నడవాల్నో ఎరుకేనా?"

"బాయికి ఇవుతలికెల్లి గద బాపు, పాత గెట్టు?"

"పాత గెట్టు పాతోళ్ళతోనే పోయింది. అవుతలికెల్లి నడువు."

"గట్లయితే అబద్దమైతది గద."

బాపు పుల్ల తీసి ఉమ్మేసి నావైపు జాలిగా చూశాడు. "నడిస్తె అబద్దమెట్లయితదిరా? అబద్దం నోటితోటి ఆడ్తరు. నువ్వు నోరు మూసుకోనే ఉంటవు గద!" అన్నాడు. (ఇంత చక్కటి న్యాయం నేను ఆ తరువాత ఏ కచేరీలోనూ వినలేదు.) నేను స్నానానికి కదిలాను. కానీ లోపల గట్టిగా నిర్ణయించుకున్నాను. ఇవతల నుంచే నడుస్తాను. గొప్పకు కాదు, నిజంగానే అనుకున్నాను. స్నానం చేస్తున్నంతసేపూ ఊహల్లో తండావాళ్ళు నన్ను భుజాల మీద మోస్తూనే ఉన్నారు. బాపు ఇంట్లోంచి వెళ్ళగొడితే జనగామ పోయి ఏ గదిలో ఉండాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను.

మన్ను మోసుడు పవిత్రమైన పనే కావచ్చు గానీ చూడ్డానికి మాత్రం కోతికి పెళ్ళి చేసినట్టుంటుంది. బాపు ధోవతి నాకు ఇద్దరు మనుషుల పొడవు. అది తడిసి బరువెక్కి అడుగడుక్కూ జారేది. చేతులు జోడించి ఉండాలి గనక దాన్ని మోచేతులతోనే నొక్కిపట్టుకుని నడిచాను. ముద్ద కలిపినవాడెవడో నీళ్ళు ఎక్కువ పోశాడు. బండ దాటి ఇరవై అడుగులు వేశానో లేదో, మట్టి కరిగి చెవుల వెంట, ముక్కు వెంట కారడం మొదలైంది. మన్నులో చీమలు కూడా ఉన్నాయి. నిద్ర చెడగొట్టినందుకు వాటికి కోపం రావడం న్యాయమే గానీ, అది నా మాడు మీద తీర్చుకోవడం బాగాలేదు. గోక్కోవడానికి లేదు, తుడుచుకోవడానికి లేదు, అరవడానికి లేదు. కనుబొమలు ఎగరేస్తూ, ముక్కు చీదుతూ, మూతి వంకర్లు తిప్పుతూ పోతుంటే పిల్లలు పడీపడీ నవ్వారు. పెద్దమనుషులు కండువాలు నోటికడ్డం పెట్టుకున్నారు. అద్దాల రవిక తొడుక్కున్న తాత బిడ్డ, నా ఈడుదే, పైట ముఖమ్మీదికి లాక్కుని భుజాలు కదిలేలా నవ్వింది. ఎంతో గంభీరంగా సాగాల్సిన నా జీవితంలోని గొప్ప ఘట్టం అలా భాగోతంలా సాగుతుండగా బావి వచ్చింది.

ఇవతల మెత్తటి పాత గెట్టు. నాకు చిన్నప్పట్నుంచీ తెలిసిన దారి. అవతల, పీకి పాతిన రాయి పక్కన బాపు నిలబడి ఉన్నాడు. కళ్ళెర్రజేయలేదు. కుడి భుజమ్మీది తువ్వాల తీసి ఎడమ భుజమ్మీద వేసుకున్నాడు. మమ్మల్ని కొట్టబోయే ముందు ఆయన చేసే పని అది. చేతికి అడ్డం రాకుండా. నాకు పద్దెనిమిదేళ్ళు. జైలు చూసినవాణ్ణి. ఆ తువ్వాల ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మారేసరికి నా కాళ్ళు వాటంతటవే తిరిగాయి. బావికి అవతల నుంచి నడిచాను. వెనకాల సున్నం పోసేవాడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ పోసుకుంటూ వచ్చాడు. అంతవరకూ నవ్విన జనంలో నవ్వు ఆగిపోయింది.

తాడిచెట్టు దగ్గర ముద్ద దించారు. పెద్దమనిషి, "అయిపోయింది," అన్నాడు, అంతే. తండావాళ్ళు ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆచారం అది. తాత నా దగ్గరికొచ్చి, నెత్తిన రుమాలు విప్పి, దాని కొసతో నా కళ్ళూ చెంపలూ మెల్లగా తుడిచాడు. "కండ్లల్ల మన్ను వడ్డట్టున్నది బిడ్డా," అన్నాడు. మునిగిపోయేవాడికి తాడు దొరికినట్టు నేను ఆ మాట పట్టుకున్నాను. "అవ్ తాతా. ఏం కనవడలే. ఎటు నడిసిన్నో ఏమో," అన్నాను. బాపు లెక్క ప్రకారం నేను ఆడిన మొదటి అబద్ధం అదే. ఎందుకంటే అది నోటితో ఆడాను. నా ఎడమ కంటికి అంతా శుభ్రంగా కనబడుతూనే ఉండింది.

గోడ లేవడానికి రెండు నెలలు పట్టింది. రాళ్ళు మోసింది తండావాళ్ళే, ఆ ఎండాకాలం ఇంకెక్కడా కూలి దొరక్క. తమ బావికి తామే అడ్డంగోడ కట్టారు. రుమాలు తాత కొడుకు కూడా మోశాడు. గోడ నిలిచాక తండా ఆడవాళ్ళు నీళ్ళకు చుట్టూ తిరిగి వాగుకు పోవాల్సి వచ్చేది, వేసవిలో వాగు ఇసకలో చెలిమ తోడితే కడివెడు నీళ్ళకు పూట పట్టేది. వానలు పడకముందే తాత ఇంటిల్లిపాదీ సామాను బండికెత్తుకుని గంగారం అడవుల వైపు పోయారని విన్నాను. నేను అప్పటికి జనగామ వచ్చేశాను. గోడల మీద రాతలు సాగుతూనే ఉన్నాయి. నేను మాత్రం అక్షరాలు బాగా రావడం లేదని చెప్పి కుంచె ఇంకొకడికి ఇచ్చేశాను.

ఇక్కడ నా గురించి ఇంకో సంగతి చెప్పాలి. ఆ రోజు నన్ను ఎంత పీడించిందంటే, దాన్నుంచి తప్పించుకోవడానికి నేను దాన్ని నవ్వులాట చేశాను. హాస్టల్లో మొదలుపెట్టాను. ధోవతి, చీమలు, ముక్కు వెంట మట్టి, 'కండ్లు కనవడక ఎటు నడిచిన్నో' అనే ముక్తాయింపు. అందరూ కడుపు పట్టుకునేవాళ్ళు. తరువాత మానుకోటలో సర్కారు గుమాస్తాగా చేరాక ఆఫీసులో చాయ్ వేళ చెప్పాను, పెళ్ళిళ్ళలో చెప్పాను, నా పెళ్ళిలో అత్తగారి వాళ్ళకు చెప్పాను. దుప్పటి ధోవతిలా చుట్టుకుని నడిచి చూపించేవాణ్ణి. పదేళ్ళు చెప్పేసరికి, నిజంగానే కళ్ళు కనబడలేదని నాకే నమ్మకం కుదిరింది.

ఎనభైల్లో ఒకసారి ఎలక్షన్ డ్యూటీ మీద గంగారం దగ్గరి ఒక గూడేనికి వేశారు. అడవి మధ్య తడకల బడి. పోలింగు అయిపోయింది, పెట్టె సీలు వేశాం, రాత్రి అక్కడే పడుకుని మర్నాడు పొద్దున జీపు కోసం చూస్తూ నలుగురం వరండాలో కూర్చున్నాం. తోటి గుమాస్తా ఒకడు, "అన్నా, మన్ను మోసిన కత జెప్పవా, సార్లు వినలే," అన్నాడు. నాకు చెప్పమనడమే తరువాయి. తువ్వాల నడుముకు చుట్టుకుని లేచాను. నెత్తిన బియ్యం మూట పెట్టుకుని వరండా ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాను. చీమలు కుట్టినప్పుడు అందరూ ఘొల్లుమన్నారు. మాకు వండిపెట్టడానికి వచ్చిన తండా ఆమె ఒకతె గంజి వారుస్తూ పొయ్యి దగ్గర కూర్చునే ఉంది. ఆమె నవ్వలేదు. ఆమెకు తెలుగు సరిగా రాదేమో అనుకున్నాను.

అందరూ చేతులు కడుక్కోవడానికి పోయాక నా దగ్గరికి చెంబు తెచ్చింది. "చిన్న పటేలా," అంది. నా చేతిలోంచి చెంబు జారింది. ఆ పిలుపు విని పదేళ్ళు దాటింది. "నేను రుమాలు తాత బిడ్డను."

తాత ఎలా ఉన్నాడని అడిగాను. "మా బా ఈడికొచ్చిన యేడే పోయిండు. సలిజరం. దవాఖాన యాడ ఉన్నది ఈడ," అంది (బా అంటే వాళ్ళ మాటలో నాయిన). తరువాత, తప్పుపడుతున్నట్టు కాదు, మరచిపోయిన వస్తువేదో గుర్తుచేస్తున్నట్టు అంది: "బాయికి అవుతల అంత పల్లేరుగాయలుంటుండె. నువ్వు ఉత్తకాళ్ళతోని నడిసినవు. ఒక్కటి దొక్కలే. తప్పిచ్చుకుంట తప్పిచ్చుకుంట వోయినవు. కండ్లు కనవడనోడు గట్ల నడుస్తడా?"

నేను వరండా నేలకేసి చూస్తూ అడిగాను: "మీ బా సూసిండా?"

"అందరికంటె ముందుగల్ల ఆయన్నే సూసిండు."

"మరి... మొకమెందుకు తుడిసిండు?"

"నువ్వు ఏడుస్తుంటివి గద," అంది ఆమె. "మన్నుల గలిసి ఎవ్వలికి కనవడలే. మా బాకు కనవడ్డది. పోరడు బయపడ్డడు, నలుగుర్ల ఇజ్జత్ వోతదని తుడిసిండు."

ఏడ్చినట్టు నాకు గుర్తులేదు. ఎన్నో ఏళ్ళు అంత వివరంగా, చీమల దాకా చెప్పుకున్న కథలో ఆ ముక్క నాకే తెలీదు. ఆమె చెంబు తీసుకుని మళ్ళీ నీళ్ళు ముంచి ఇచ్చింది. నేను తాగాను. మీ బావి మీకు తిరిగి ఇప్పిస్తాను, వస్తారా అని అడిగాను. ఆమె నవ్వింది, ఆ రోజంతటిలో మొదటిసారి. "ఈడ అడివి గొట్టుకున్నం, బాయి తవ్వుకున్నం, బాను మన్నుల వెట్టుకున్నం. యాడికొస్తం పటేలా?" అంది. జీపు హారన్ మోగింది.

ఆ తరువాతి ఆదివారమే ఊరికి పోయాను. బాపు అప్పటికి లేడు, అన్న సేద్యం చూస్తున్నాడు. ఎవరికీ చెప్పకుండా గడ్డపార తీసుకుని గోడ దగ్గరికెళ్ళాను. గుమాస్తా చేతులు, కలం తప్ప ఏదీ పట్టింది లేదు. రెండు రాళ్ళకే అరచేతులు పొక్కులెక్కాయి, నడుం పట్టేసింది. అయినా పొద్దెక్కేదాకా తవ్వి, బావికి ఎదురుగా మనిషి పట్టేంత సందు చేశాను. దారిన పోయేవాళ్ళు ఆగి చూసి, గేటు పెడుతున్నాడేమో అనుకుని పోయారు. మధ్యాహ్నానికి అన్న వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏందిరా, ఈడికెల్లి తొవ్వ కావాల్నా?"

"అవ్."

"ఎవలికి?"

నేను ఆ సందులోంచి అవతలికి చూశాను. తాత చెలకలో మా మిరప తోట ఉంది. తండా ఉన్న చోట పాడుపడ్డ గోడలు నాలుగు, మొలిచిన ఉమ్మెత్త చెట్లు. ఒక్కొక్క ఇల్లే లేచిపోయి ఎన్నేళ్ళయిందో. ఆ దారిన నడిచి రావలసినవాళ్ళు ఎవరూ లేరు. అన్న గడ్డపార నా చేతిలోంచి తీసుకుని, నీడకు పోయి కూర్చోమన్నాడు. సాయంత్రం మేకలు జొరబడి మిరపమొక్కలు కొరికాయని ఇద్దరు మనుషుల్ని పెట్టి సందు పూడిపించాడు. ఎప్పుడైనా ఆ వైపు పోతే నిలబడి చూస్తాను. రాళ్ళు అక్కడ కాస్త ఎగుడుదిగుడుగా ఉంటాయి. ముప్పయ్యేళ్ళు దాటాక, బట్టతల మొదలయ్యాక, పొక్కులెక్కిన చేతులతో ఎవరూ రాని దారి కోసం రొప్పుతూ గోడ తవ్విన ఆ గుమాస్తాను తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది. వాడు ఆ పనికి పదమూడేళ్ళు ఆలస్యంగా వచ్చాడు.